అడుగు మీద మూడంగుళాల వైరు

"బాగా పనిచేస్తే పేరు పెద్దసారుకి పోద్ది, పాడైతే నీ మెడకి చుట్టుకుంటది. ఆ పెట్టె జోలికి ఎల్లకే అమ్మడూ, నా మాటిను."

అప్పటికి పెట్టె ఇంకా కొననేలేదు. కొనాలన్న ఆలోచన ఆఫీసులో ఎవరికీ రాలేదు. హిమజ అన్నం తింటూ, "వైర్లన్నీ పీకేయమని పైనుంచి కాగితం వచ్చిందటమ్మా. పీకేస్తే బ్రిడ్జి అని ఒక పెట్టె పెట్టుకోవాలి" అని మాటవరసకి అంది. అంతే, సూర్యావతి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి ఆ మాట అంది.

సూర్యావతి తీరే అంత. ఆకాశాన చిన్న మబ్బు కనబడితే నలుగురూ గొడుగు వెతుక్కుంటారు. ఆవిడ గోదారి గట్టు తెగిందనుకుని బియ్యం డబ్బా అటకెక్కిస్తుంది. కూతురు ఫోను రెండుసార్లు మోగినా ఎత్తకపోతే, మూడోసారికి ఆసుపత్రి దాకా మనసులో నడిచి వెళ్లొస్తుంది.

"బ్రిడ్జంటే ఏంటే?"

"చిన్న పెట్టెమ్మా, సబ్బుపెట్టంత ఉంటది. ముందు గదిలో నెట్టు పెట్టె ఉంది కదా, దాని సిగ్నల్ గాల్లో వస్తది. మన పాత మిషన్లకి గాల్లోది అందుకోడం చేతకాదు, వైరు గుచ్చితేనే అందుకుంటాయి. ఈ పెట్టె గాల్లోది పట్టుకుని, పొట్టి వైరులోంచి వాటికి అందిస్తది."

"గాల్లో వచ్చేదాన్ని పట్టుకుంటదా? పిడుగొస్తే అదీ పట్టుకుంటదా?"

హిమజ మజ్జిగ పోసుకుంది.

తల్లీకూతుళ్లిద్దరిదీ ఒకటే ఆఫీసు. కొబ్బరి పీచు తాళ్ల నాణ్యతా ధ్రువీకరణ కార్యాలయం. సూర్యావతి పంతొమ్మిదేళ్లుగా అక్కడ అటెండరు. ఏడో తరగతితో చదువు ఆగినా, టపా పుస్తకంలో చేసే సంతకం మాత్రం గుండ్రంగా ఉంటుంది. హిమజ అయిదేళ్లుగా కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఏటా మార్చి ముప్పై ఒకటిన కొనసాగింపు ఉత్తర్వు ఆఫీసు కంప్యూటర్లోకి వస్తుంది. దాన్ని ప్రింటు తీసి, పెద్దసారు చేత సంతకం పెట్టించి, అయిదు గంటల లోపు తిరిగి పంపాలి. అయిదు దాటి ఒక్క నిమిషమైతే అయిదేళ్ల సర్వీసూ సున్నా. ఆ కుర్చీకి కొత్తగా ప్రకటన వేస్తారు. అందుకే సూర్యావతి లెక్కలో మార్చి నెలంటే నెల కాదు, గండం.

ఇక ఆ ఆఫీసు చేసే పని గురించి చెప్పాలి. కోనసీమ నలుమూలల నుంచీ తాళ్లు పేనేవాళ్లు కట్టలు కట్టలుగా తాళ్లు తెస్తారు. వెనక షెడ్డులో రెండు కొక్కేల యంత్రం ఒకటుంది. కట్టలోంచి ఒక తాడు తీసి, ఆ కొక్కేల మధ్య కట్టి, తెగేదాకా లాగుతారు. ఎన్ని కిలోల దగ్గర తెగిందో రాసి, సర్టిఫికెట్టు మీద ముద్ర వేస్తారు. నలభై ఏళ్లుగా ఆ ఆఫీసుకి తెలిసిన పరీక్ష అదొక్కటే. తెగనిదాన్ని ఆ ఆఫీసు నమ్మదు.

పైనుంచి వచ్చిన కాగితం పేరు 'తీగరహిత కార్యాలయ మహోద్యమం'. దాన్ని సూపరింటెండెంటు పేర్రాజు గారు నిలబడి చదివారు. "కార్యాలయములందు తీగల వినియోగము వెనుకబాటుతనమునకు సంకేతమగుచున్నందున, మార్చి నెలాఖరులోగా సమస్త తీగలను తొలగించి, తీగరహిత స్థితిని సాధించవలెను. ఎచ్చటనైనను తీగ కనబడినచో, సదరు కార్యాలయాధిపతి వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను."

కార్యాలయాధిపతి అంటే డిప్యూటీ డైరెక్టరు త్రివిక్రమరావు గారు, అందరూ పెద్దసారు అనే ఆయన. 'వ్యక్తిగతముగా' అన్నచోట ఆయన కుర్చీలో కొంచెం సర్దుకున్నారు.

మర్నాడు నెట్టు వైర్లు పీకారు. కాలింగ్ బెల్లుకి వైరుంది కాబట్టి బెల్లు తీసేశారు. అప్పట్నుంచి పెద్దసారు "సూర్యావతీ" అని కేకేయాల్సివచ్చింది. ఆయన గొంతు మెత్తన, ఆవిడకి వినబడేది కాదు. గదిలో పడిపోయారేమోనని ఆవిడే పావుగంటకోసారి తలుపు తోసి చూసేది. గోడ మీద నాయకుల పటాలు సన్నటి తీగతో వేలాడుతున్నాయని గమనించి వాటినీ దించారు. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవాళ్లు బీరువా పక్కన నేలమీద వరసగా కూర్చున్నారు. వాచ్‌మను తువ్వాలు ఆరేసుకునే తీగ తెంపారు. అతను తువ్వాలు భుజానే ఆరబెట్టుకుంటూ తిరిగాడు.

"కరెంటు తీగల మాటేంటండీ?" అని పేర్రాజు గారు పైకి ఉత్తరం రాశారు. "విద్యుత్ తీగలు విద్యుత్ శాఖ పరిధిలోనివి. అవి కనబడినను కనబడనట్లే భావించవలెను" అని జవాబు వచ్చింది. కిటికీ బయట నుంచి నెట్టు పెట్టెకి వచ్చే తీగ కంపెనీవాళ్లది కాబట్టి దాన్నీ అలాగే భావించారు.

ఆఫీసు అద్దంలా తయారైంది. ఫోటో తీసి పంపితే పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది. ఒకే ఒక్క చిక్కు. కంప్యూటరు, ప్రింటరు, హాజరు కోసం వేలు పెట్టే మిషను, మూడూ చచ్చి ఊరుకున్నాయి.

వరండాలో తాళ్ల కట్టలు పేరుకుపోయాయి. వాటి మీద కూర్చుని తాళ్ల వ్యాపారి ఏసుబాబు నాలుగు రోజులు చూసి, అయిదోనాడు లోపలికి వచ్చాడు.

"మా సర్టిఫికెట్టు ఎప్పుడిత్తారండీ?"

"కార్యాలయం తీగరహిత స్థితికి పరివర్తన చెందుచున్నది" అన్నారు పేర్రాజు గారు.

"అంటే ఎప్పుడండీ?"

"పరివర్తన సంపూర్ణమైన పిమ్మట."

"మా పెదనాన్న కూడా ఇలాగే పరివర్తనొచ్చి సన్నాసుల్లో కలిసిపోయాడండి. ఇరవయ్యేళ్లయింది. భోజనానికి కూడా రాలేదు."

అప్పుడు హిమజ పెద్దసారు గదిలోకి వెళ్లి బ్రిడ్జి సంగతి చెప్పింది. తలుపు బయట సూర్యావతి చెవి ఆనించి నిలబడింది. పెద్దసారు అంతా విని, "దాని పేరులో వైర్‌లెస్ అని ఉందా?" అన్నారు.

"ఉందండి. వైర్‌లెస్ బ్రిడ్జి అనే అంటారు."

"అయితే తెప్పించు."

పెట్టె వచ్చింది. హిమజ దాన్ని పట్టుకుని గదంతా తిరిగి, సిగ్నల్ బాగా అందే కిటికీ పక్క స్టూలు మీద పెట్టింది. ముందు గదిలోని నెట్టు పెట్టె పేరూ, రహస్య పదమూ దానికి చెప్పింది. ఒక పచ్చ దీపం వెలిగింది. పెట్టె వెనక చిల్లుల్లోంచి మూడు పొట్టి వైర్లు తీసి నీలంది కంప్యూటరుకి, పసుపుది ప్రింటరుకి, బూడిదరంగుది వేలి మిషనుకి గుచ్చింది. గుచ్చిన ప్రతిసారీ టిక్కుమని చిన్న చప్పుడైంది. ఈ పనంతా జరుగుతున్నంతసేపూ సూర్యావతి తడి గోనె చేత్తో పట్టుకుని కూతురి వెనకే నిలబడింది. మంటలు లేస్తే కప్పేయడానికి. ఏ వైరు ఎక్కడ గుచ్చుతోందో, ఎటు తిప్పి గుచ్చుతోందో, ఏ దీపం ముందు వెలిగిందో రెప్పార్పకుండా చూసింది. భయపడేవాళ్లు చూసినంత బాగా ధైర్యవంతులు దేన్నీ చూడరు.

ప్రింటరు మూలిగి ఒక కాగితం కక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. త్రివిక్రమరావు గారు గదిలోంచి బయటికి వచ్చి, "ఈ సబ్బుపెట్టె మన కార్యాలయ చరిత్రలో ఒక మైలురాయి" అన్నారు. ఏసుబాబు కట్టకి సర్టిఫికెట్టు వచ్చింది.

"చూశావా అమ్మా!" అంది హిమజ.

"ఇంకా పొద్దుగూకలేదు కదే" అంది సూర్యావతి.

పొద్దుగూకే లోపలే పేర్రాజు గారి కంట అవి పడ్డాయి. వంగి చూశారు. ఇంకొంచెం వంగారు. తాళ్లు కొలిచే టేపు తెప్పించారు.

"అమ్మాయ్, ఇవేంటి?"

"వైర్లండి."

"వైర్‌లెస్ అన్నావు!"

"ముందు గది నుంచి ఇక్కడిదాకా వైర్‌లెస్సేనండి. ఇక్కణ్ణుంచి మిషన్లోకి మాత్రం వైరు ఉండాలండి. లేకపోతే అందదు."

"ఎంత ఉండాలి?"

"ఎంతో కొంతండి."

టేపు పరిచి చూశారు. ఒక్కొక్కటి అడుగు మీద మూడంగుళాలు. పేర్రాజు గారు ఆ సంఖ్యని మూడుసార్లు పైకి చదివి, టేపు చుట్టి, మూడు వైర్లూ ఊడదీయించి బీరువాలో పెట్టి తాళం వేశారు. మిషన్లు మళ్లీ చచ్చాయి. అడుగు మీద మూడంగుళాలు గల తీగ తీగయగునా, కాదా అన్న విషయమై తగు స్పష్టత కోరుతూ ఉత్తరం పైకి పోయింది.

జవాబు మార్చి ముప్పయ్యోనాడు వచ్చింది. "పద్దెనిమిది అంగుళములకు లోబడిన తీగను తీగగా గాక 'కొస'గా పరిగణించవచ్చును. అయితే సదరు కొస నాణ్యతను సమర్థాధికారి ధ్రువీకరించిన పిమ్మటనే వినియోగించవలెను."

"సమర్థాధికారి అంటే ఎవరండీ?" అంది హిమజ.

పేర్రాజు గారు బీరువాలోంచి పాత నిబంధనల పుస్తకం తీసి, దుమ్ము దులిపి చదివారు. "పొడవుగలిగి, వంగునట్టియు, లాగబడునట్టియు సమస్త వస్తువులకును ఈ కార్యాలయమే సమర్థాధికారి." చదివాక ఆయన ముఖం వెలిగిపోయింది. పెద్దసారు ముఖం కూడా వెలిగింది. నలభై ఏళ్లలో ఆ ఆఫీసుకి ఇంత గౌరవం దక్కడం అదే మొదలు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున్న పదిన్నరకి మూడు వైర్లనీ ఇత్తడి పళ్లెంలో పెట్టి షెడ్డులోకి తీసుకెళ్లారు. హిమజకి అప్పుడు అర్థమైంది.

"సార్, లాగితే తెగిపోతాయండి!"

"తెగాలనే కదమ్మా లాగేది" అన్నారు పేర్రాజు గారు నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు. "తెగకపోతే ఎన్ని కిలోల దగ్గర తెగిందని రాస్తాం?"

"పోనీ ఒక్కటే లాగండి సార్. మిగిలిన రెండూ అలాంటివే కదా."

"రంగు వేరైతే రకం వేరు. రకానికొక నమూనా. రూలు."

"ఈ రోజు నా ఆర్డరు వస్తుందండి. అయిదింటికల్లా పంపాలి."

"అందుకే కదమ్మా పొద్దున్నే పెట్టాం" అన్నారాయన. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆ పిల్ల మేలు కోరి తెల్లారకముందే యంత్రానికి నూనె వేయించారు.

నీలం కొస పదకొండున్నర కిలోల దగ్గర తెగింది. పసుపుది పన్నెండు. బూడిదరంగుది పధ్నాలుగు దాకా ఆగి, అందరి చేతా 'ఆహా' అనిపించుకుని మరీ తెగింది. మూడూ ఉత్తమ శ్రేణిలో నెగ్గాయి. వాడుకోవడానికి పూర్తిగా యోగ్యమైనవని పెద్దసారు ప్రకటించారు. ఆరు ముక్కల్నీ పళ్లెంలో పెట్టి తెచ్చి హిమజ బల్ల మీద ఉంచారు.

"ఇక గుచ్చుకో అమ్మాయ్. ముందు ఆ సర్టిఫికెట్లు మూడూ ప్రింటు తియ్యి. అవి చేతికి రానిదే కొసలు వాడకూడదు."

హిమజ సర్టిఫికెట్లు మూడూ కొట్టి ప్రింటు నొక్కింది, ప్రింటరు కదల్లేదు. ఆ ముక్కల వంక చూసింది. ఆ తర్వాత తల్లి వంక చూసింది. సూర్యావతి అప్పటికే మనసులో కూతురితో కలిసి ప్రతి ఆఫీసు గుమ్మమూ ఎక్కి దిగుతోంది. అన్నిచోట్లా 'ఖాళీ లేదు' అంటున్నారు.

పన్నెండింటికి హిమజ ఫోనుకి కబురు వచ్చింది, ఉత్తర్వు విడుదలైందని. కానీ అది తెరుచుకునేది ఆఫీసు కంప్యూటర్లోనే.

"ఎదురు షాపులో దొరుకుతాయండి వైర్లు. అయిదు నిమిషాల్లో తెస్తాను."

"కొత్త కొసలా?" పేర్రాజు గారు ఉలిక్కిపడ్డారు. "పరీక్ష కానివి ఎలా వాడతాం?"

"పరీక్ష చేస్తే తెగిపోతాయి కదండీ!"

"అవును. పరీక్ష అంటే అదే కదా."

వరండాలోంచి ఏసుబాబు తల లోపలికి పెట్టాడు. "మా కట్టలో ఒకటి తెంపి మిగిలినయ్యి ఒదిలేత్తారు గదండీ. అలాగే రెండేసి తెచ్చి ఒకటి తెంపుకోండి."

"కట్ట వేరు, కొస వేరయ్యా. కట్టకి తాడు నమూనా. కొసకి నమూనా కొసే. నిబంధనలో కొసల కట్ట అన్న మాట ఎక్కడా లేదు."

"పోనీ ఆ అమ్మాయి ఆర్డరేదో చేత్తో రాసిచ్చేయండి."

"చేతిరాత ఉత్తర్వులు చెల్లవని కిందటేడే వచ్చింది."

"చెల్లవని చేత్తో రాసొచ్చిందాండీ?"

పేర్రాజు గారు అతన్ని బయటికి పంపించి, పైకి ఫోను చేశారు. సంగతంతా వివరంగా చెప్పారు. అటు పక్క ఉన్నాయన సానుభూతితో విని, "చాలా ముఖ్యమైన సందేహం. ప్రింటు తీసి, సంతకం చేసి పంపండి. వెంటనే పరిశీలిస్తాం" అన్నాడట.

రెండయింది. మూడయింది. అందరూ బాధపడ్డారు. సీనియర్ అసిస్టెంటు హిమజకి టీ తెప్పించాడు. పేర్రాజు గారు నిబంధనల పుస్తకాన్ని చివరి నుంచి మొదటికి మళ్లీ చదివారు. పెద్దసారు రెండుసార్లు గదిలోంచి బయటికి వచ్చి, "మంచి పిల్ల, పని తెలిసిన పిల్ల" అని లోపలికి వెళ్లారు. హిమజ తెగిన నీలం ముక్కని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. ఆ పిల్ల ఏడవలేదు. సూర్యావతికి భయం వేసింది అందుకే.

అప్పుడు ఆవిడకి ఒక విచిత్రమైన సంగతి తోచింది. ఇన్నాళ్లూ ఏదో అవుతుందని భయపడింది. ఇప్పుడది అవుతోంది. కళ్లముందే, గడియారం ప్రకారం, అందరి మంచి మనసుల సాక్షిగా అవుతోంది. ఇక భయపడడానికి మిగిలిందేమిటి?

నాలుగు ఇరవైకి ఆవిడ చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. సైకిలు వచ్చినా ఆగి దారిచ్చే మనిషి, ఆ రోజు బస్సుకి అడ్డంగా రోడ్డు దాటింది. డ్రైవరు ఏదో అన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి వచ్చేటప్పటికి కొంగులో ఏదో మూటకట్టి ఉంది.

"అమ్మా, అదేంటి? వద్దమ్మా!" ఈసారి భయం కూతురిది. "ఎవరైనా చూస్తే నీ ఉద్యోగం కూడా..."

"నువ్వు కదలకు. నువ్వు ముట్టుకున్నావంటే నీ మీద రాసేత్తారు."

సూర్యావతి స్టూలు ముందు చతికిలబడింది. కొంగు విప్పి రెండు వైర్లు తీసింది. ఒకదాని కొస పెట్టె వెనక మొదటి చిల్లులో పెట్టి, దాని ప్లాస్టిక్ నాలిక పైకొచ్చేలా తిప్పి నొక్కింది. టిక్కుమంది. రెండో కొస కంప్యూటరు వెనక. టిక్కుమంది. రెండో వైరు ప్రింటరుకి. పచ్చ దీపాలు ఒకటి తర్వాత ఒకటి వెలిగాయి. హిమజ నోరు తెరుచుకుని చూస్తూనే ఉత్తర్వు తెరిచి ప్రింటు నొక్కింది.

ప్రింటరు మూలిగింది. మొదట పొద్దుటి నుంచీ కంప్యూటర్లో వరసలో ఆగిపోయినవి కక్కింది. నీలం కొస యోగ్యమైనది. పసుపు కొస యోగ్యమైనది. బూడిదరంగు కొస మిక్కిలి యోగ్యమైనది. నాలుగోది హిమజది.

సూర్యావతి ఆ నాలుగో కాగితం తీసుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది. వెనకే చప్పుడు విన్న పేర్రాజు గారు టేపుతో సహా వచ్చారు. ఆయన వెనక సీనియర్ అసిస్టెంటు, గుమ్మంలో ఏసుబాబు. నాలుగు నలభై ఆరు.

త్రివిక్రమరావు గారు కాగితం చూశారు. మొహం చిట్లించారు. "ఇది ఎలా ప్రింటయింది?"

"వైరు పెట్టానండి."

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదండి. సార్, నాకు చదువు లేదు, తప్పయితే నన్ను పంపించేయండి. ఒక్కటే అడుగుతానండి. తీగ కనబడితే మీరు బాధ్యులని రాశారు కదండీ ఆ కాగితంలో. సూపర్నెంటు గారు మొన్న చదివారు, నేను విన్నాను." ఆవిడ బల్ల దగ్గరికి ఒకడుగు వేసింది. "పెద్దసారూ, అక్కడ వైరుందని మీరు రాత్తే మీ పేరు పైకెళ్తది. ఈయన రాసినా మీ పేరే వెళ్తది. నేను పెట్టినా మీ పేరే. అందుకని అడుగుతన్నానండి. మీ కుర్చీలోంచి చూత్తే, ఆ వైరు కనబడతందాండీ?"

తలుపు బార్లా తెరిచే ఉంది. కుర్చీకి సూటిగా స్టూలు, స్టూలు మీద పెట్టె, పెట్టెలోంచి వంగి దిగిన రెండు కొత్త వైర్లు, ఎర్రటివి, పెళ్లిపందిట్లో రిబ్బన్లలా ధగధగలాడుతున్నాయి. షాపులో వేరే రంగు దొరకలేదు.

పేర్రాజు గారు టేపు సగం లాగి, మళ్లీ వదిలేశారు. అది సర్రున లోపలికి పోయింది. ఫ్యాను తిరుగుతోంది. నాలుగు యాభై అయింది. త్రివిక్రమరావు గారు వైర్ల వంక చూశారు. ఉత్తర్వు వంక చూశారు. బీరువా పక్కన నేలమీద కూర్చున్న నాయకుల వంక చాలాసేపు చూశారు. వాళ్లేమీ చెప్పలేదు. నాలుగు యాభై రెండు. హిమజ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. సూర్యావతి మాత్రం రెప్ప వేయలేదు.

పెద్దసారు కళ్లజోడు తీశారు. జేబురుమాలుతో ఒక అద్దం తుడిచారు, రెండో అద్దం తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు. మడిచి, కళ్లజోడు డబ్బాలో పెట్టి, డబ్బా మూసేశారు. ఆ తర్వాత జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పుతూ, తలుపు కేసి కళ్లు చికిలించి చూసి, చివరికి అన్నారు:

"ఏ వైరు, సూర్యావతీ?"